మేడ మీద తటస్థ ప్రాంతం

తటస్థత అంటే మనిషి స్వభావం అనుకున్నాను ఇన్నాళ్ళూ. అది ఒక గది అని, దానికి నేనే కిరాయి కడుతున్నానని, మాజీ కార్పొరేటర్ ఆనంద్ కుమార్ గారు మేడ ఎక్కి వచ్చి ప్రకటించేదాకా తెలియలేదు.

"పట్టాభి సార్, కాలనీ శాంతి కోసం మీ రూమును ఎంపిక చేసిన," అన్నారు గుమ్మంలో నిలబడి. ఎంపికైనందుకు నేను కృతజ్ఞతలు చెప్పాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన ఇల్లు. కింద ఆయన, తల్లి కాంతమ్మ గారు, మిట్టూ అనే చిలుక. పైన నేను. కోచింగ్ సెంటర్ పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతాను. కిటికీ పక్కన ఒక కుర్చీ, మధ్యాహ్నం దాని మీద కాసేపు ఎండ. జీవితంలో నాకు దక్కిన పదవి ఆ కుర్చీ ఒక్కటే.

మిట్టూ సామాన్యమైన చిలుక కాదు. మన పచ్చ చిలుకను పెంచితే నేరమట. అందుకని ఆనంద్ కుమార్ గారు చట్టాన్ని గౌరవించి ఆఫ్రికా జాతి బూడిదరంగు చిలుకను పెట్టుకున్నారు. ముందు గదిలో జరిగిన ప్రతి మీటింగూ అది విన్నది. ఆయన "మన కాలనీకి కావాల్సింది..." అని ఆగితే "అభివృద్ధి" అనేది. "మన ఊపిరి..." అంటే "ప్రజలే" అనేది. జనం చప్పట్లు కొట్టేవారు. అంత నిబద్ధత గల కార్యకర్తను నేను ఏ పార్టీలోనూ చూడలేదు.

పోయిన నెల ఎల్బీనగర్ నుంచి అవతలి పార్టీ నాయకుడు అభిలాష్ తన మనుషులతో ఇటు చేరాడు. చేరుతూ ఒక జత లవ్‌బర్డ్స్‌ను కానుకగా తెచ్చాడు. ఆనంద్ కుమార్ గారు అభిలాష్‌కు కండువా కప్పి, పక్షుల బుట్టకూ ఒకటి కప్పి, ఆ ఊపులోనే వాటిని మిట్టూ పంజరంలోకి వదిలారు. మిట్టూ ఒకదాని తోక పీకేసింది. విడదీయబోయిన అభిలాష్ వేలు కొరికింది.

"అన్నా, పార్టీలకు ఒచ్చినోళ్ళకు మీ దగ్గర గిదేనా మర్యాద?" అన్నాడు అభిలాష్, వేలు పట్టుకుని. చేరినవాళ్ళు చెప్పుల వైపు చూడటం మొదలుపెట్టారు.

పక్షుల డాక్టరు సాధన గారిని పిలిపించారు. "కొత్త పక్షుల్ని ఎవరన్న గిట్ల కలుపుతరా సార్?" అన్నారామె. "పంజరాలు వేరే ఉండాలె. ముందు దూరం నుంచి చూసుకోవాలె. ఈ గది మిట్టూది, దానికి కడుపు మండదా? ఎవ్వరిదీ కాని జాగాల దగ్గర దగ్గర పెట్టుండ్రి. అప్పటికీ లొల్లి చేస్తే పంజరం మీద గుడ్డ కప్పుండ్రి. రాత్రి అయిందనుకోని ఊకుంటయ్."

"ఎవ్వరిదీ కాని జాగ ఎక్కడుంటది మేడమ్, హైదరాబాద్‌ల?" అన్నారు ఆనంద్ కుమార్ గారు.

"పైన సార్ ఉన్నడు గద," అన్నారు కాంతమ్మ గారు బియ్యం ఏరుతూ. "ఆయన ఎవ్వరోడు కాదు."

అలా నా గదిలోకి రెండు పంజరాలు వచ్చాయి. వాటి వెనక "తటస్థ ప్రాంతానికి స్వాగతం" అనే ఫ్లెక్సీ, దాని మీద ఆనంద్ కుమార్ గారి ఫొటో వచ్చాయి. కుర్చీ మెట్ల మీదికి వెళ్ళింది.

"మరి నేనెక్కడ కూర్చోవాలండీ?" అని అడిగాను.

"తటస్థులు కూర్చోరు సార్. గమనిస్తరు."

కోపం రావాలని నాకు తెలుసు. లోపల వెతికాను. మర్యాద దొరికింది, దాని కింద కొంచెం సిగ్గు దొరికింది. కోపాన్ని ఎక్కడ పెట్టి మరిచిపోయానో గుర్తు రాలేదు.

మర్నాడు కింద మీటింగు. "మన కాలనీకి కావాల్సింది..." అని ఆయన ఆగడం మెట్ల మీద నాకు వినబడింది. ఎవరో దగ్గారు. తర్వాత ఛాయ్ గ్లాసుల చప్పుడు. ఆ మర్నాటి నుంచి మీటింగులన్నీ నా గదికి మారాయి.

"మావోనికి కింద గొంతు లేస్తలేదు బిడ్డా," అన్నారు కాంతమ్మ గారు. "పైన గాలి మంచిదంట."

చివరికి శాంతి సభ రోజు వచ్చింది. పంజరాలు పక్కపక్కన పెట్టారు. లవ్‌బర్డ్స్ ఒకదాన్నొకటి ఆనుకుని కళ్ళు మూసుకున్నాయి. మిట్టూ సభ వైపు తిరిగి కూర్చుంది. నేను గుమ్మం బయట ప్రూఫులు ఒళ్ళో పెట్టుకుని గమనిస్తున్నాను.

"మన కాలనీకి కావాల్సింది..."

"అభివృద్ధి."

"మన ఊపిరి..."

"ప్రజలే."

చప్పట్లు. అభిలాష్ కూడా కట్టు కట్టిన వేలు పక్కకు పెట్టి కొట్టాడు.

"ఇయ్యాల్టి నుంచి ఈ రూము మన పార్టీ ఆఫీసు. పట్టాభి సార్ సంతోషంగ ఖాళీ చేస్తున్నరు. ఆయన త్యాగాన్ని కాలనీ మరువది."

అందరూ నా వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. నేను లేచాను. నమస్కారం పెడతాననుకున్నారు, నేనూ అదే అనుకున్నాను. గదిలో నాదంటూ మిగిలింది మేకుకు వేలాడుతున్న తువ్వాలు ఒక్కటే. లోపలికి వెళ్ళి దాన్ని తీసి మిట్టూ పంజరం మీద కప్పి, అంచులు నాలుగు వైపులా సరిచేశాను.

"ఇగ మనందరి ఒకే ఒక్క లక్ష్యం..." అని ఆనంద్ కుమార్ గారు ఆగారు.

చప్పట్లకు లేచిన చేతులు లేచినట్టే ఉన్నాయి.

"లక్ష్యం..." అన్నారు మళ్ళీ, ఈసారి తువ్వాలు వైపు వంగి.