ఆగయ్య వెబ్‌సైట్‌కు పూలదండ

కిక్కిరిసిన వెబ్‌సైటే నాగరికతకు గుర్తు! తెరవగానే పాట మోగాలి, నాలుగు మూలలా 'న్యూ' అని ఎర్రగా మెరవాలి, అడుగున స్క్రోలింగ్ పరుగెత్తాలి. దీన్ని తలనొప్పి అనేవాళ్లకు మర్యాద తెలియదని ముందే మనవి చేస్తున్నాను.

జపాన్ వాళ్ల వెబ్‌సైట్లు చూడండి. వారసంతలా ఎటు చూసినా సరుకే! స్వీడన్ వాళ్లవి చూడండి. తెల్లటి పేజీ, మధ్యలో ఒక కుర్చీ. చుట్టమొస్తే మంచినీళ్లయినా ఇస్తారా అని అనుమానం వస్తుంది. అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుందంటారా? ఆ సామెత పుట్టిననాటికి ఇంటర్నెట్ లేదు.

నమ్మకపోతే జనగామ ఆగయ్యను అడగండి. ఆయన పెళ్లివంటల కాంట్రాక్టర్. ఆయన చేతి బగారన్నం, మటన్ కూర తిన్నవాళ్లు పెళ్లికొడుకు పేరైనా మరిచిపోతారు గానీ ఆ కూరను మరిచిపోరు. అయితే ఆన్‌లైన్ క్యాటరింగులు దిగాక ఆయన్ని అడిగేవాళ్లు తగ్గారు. లగ్గాలు దగ్గరపడ్డా పిలుపు లేదు. ఈ సీజన్ పోతే గరిటె మూలన పెట్టాల్సిందేనని ఆయనకు గుబులు పట్టుకుంది.

అప్పుడు హైదరాబాద్‌లో వెబ్ డిజైన్ నేర్చిన మేనల్లుడు యుగేందర్ రంగంలోకి దిగాడు. స్వీడన్ పద్ధతిలో తెల్లటి పేజీ చేశాడు. నడుమ ఆగయ్య బ్లాక్ అండ్ వైట్ ఫొటో, చిరునవ్వుతో. కింద 'ఒక రుచి. ఒక జ్ఞాపకం.' అని రెండు ముక్కలు, ఆ కింద పెద్దగా ఫోన్ నంబర్.

మీరే చెప్పండి, మన దగ్గర ఇంత తెల్లజాగాలో ఒక్క మనిషి ఒంటరిగా ఎప్పుడు నవ్వుతాడు? శ్రద్ధాంజలి ఫ్లెక్సీలోనే కదా! పుట్టినరోజైతే చుట్టూ నలభై మంది ఉండరూ?

లింకు వాట్సాప్‌లో తిరిగింది. పరామర్శలు మొదలయ్యాయి. మొదటి ఫోన్ ఆగయ్యే ఎత్తి, నేనే మాట్లాడుతున్నానంటే అవతలివాడు దడుచుకుని పెట్టేశాడు. మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి పాత స్నేహితుడు జైసింగ్ ఏకంగా రైలెక్కి వచ్చేశాడు, చేతిలో బంతిపూల దండతో. వాకిట్లో ఆగయ్య ఉల్లిగడ్డలు కోస్తూ కళ్లు తుడుచుకుంటున్నాడు. జైసింగ్ కాసేపు ఆయన్నీ, దండనూ మార్చి మార్చి చూశాడు.

"ఫొటోకేద్దామని తెచ్చిన. గిప్పుడు గీ దండ ఎవలకెయ్యాలె?"

"నాకే ఎయ్యి. బతికున్నందుకు సన్మానం అనుకుంట" అన్నాడు ఆగయ్య.

మెడలో ఆ దండతోనే కూర్చుని జైసింగ్ బిడ్డ సౌందర్య లగ్గం వంట మాట్లాడుకున్నాడు.

ఆగయ్య భార్య కనకలక్ష్మికి మాత్రం నవ్వు రాలేదు. పిలగాడివి నువ్వు, నా మొగుణ్ని నెట్‌లో చంపుతావా అని యుగేందర్‌ను దులిపేసి, కొత్త వెబ్‌సైట్‌ను దగ్గరుండి చేయించింది. పేజీ అంతా పసుపు. నడుమ తలపాగాతో ఆగయ్య. చెల్పూర్ కరెంటు ప్లాంటులో పనిచేసే బామ్మర్ది ఒక పక్క, టేకుమట్ల వియ్యంకుడు ఇంకో పక్క. జఫర్‌గఢ్ తోడల్లుడు తన ఫొటో చిన్నదైందని అలిగితే దాన్నీ పెంచారు. వెనక సన్నాయి. జపాన్ వాడు చూస్తే నడుం వంచి దండం పెట్టేవాడు!

అందుకే అంటున్నాను, మనిషి బతికున్నాడనడానికి ఆధారం కిక్కిరిసిన పేజీయే!

ఒక్క చిన్న లోపం. ఇంతమంది చుట్టాలను సర్దేసరికి ఫోన్ నంబర్‌కు చోటు చాలక, దాన్ని స్క్రోలింగ్‌లో కలిపారు. చుట్టాల పదవులు, శుభాకాంక్షలు అన్నీ పోయాక అది వస్తుంది. మీరు పెన్ను మూత తీసేలోగా వెళ్లిపోతుంది.

తెల్ల పేజీ ఉన్నప్పుడు పరామర్శకు ఫోన్ చేసినవాళ్లు, మనిషి ఉన్నాడన్న సంతోషంలో తమ ఇంటి లగ్గం వంట ఆయనకే ఒప్పజెప్పి పెట్టేశారు. పసుపు పేజీ వచ్చాక ఫోన్ మోగితే ఒట్టు. ఇంటివాళ్లందరూ కళకళలాడుతూ కనిపిస్తున్నారు, వచ్చినవాడికి కావలసింది తప్ప.

మొన్న కనకలక్ష్మి బజారుకు పోయినప్పుడు ఆగయ్య మేనల్లుణ్ని పక్కకు పిలిచాడు.

"అల్లుడా, గా తెల్లదే మళ్ల పెట్టు. మీ అత్తకు చెప్పకు. లగ్గాలు అయిపోయేదాంక నేను సచ్చిపోయే ఉంట."