తాడు కట్టిన ఉప్పు సబ్బు

ఆ పొద్దున నందిని వేసుకున్న పథకం చిన్నది. పుంగనూరు బస్టాండుకు పోయి, కుప్పం నుంచి వచ్చే తల్లి మునిలక్ష్మిని ఆటోలో ఇంటికి తీసుకురావాలి. నీళ్లు కాచి, స్నానాలగదిలో మేకుకు తాను చేసిన ఉప్పు సబ్బు ఒకటి తగిలించాలి. స్నానం చేసి వచ్చాక తల్లి ఏమంటుందో వినాలి.

కుప్పంలో ఆ సబ్బు మునిలక్ష్మి చేసేది. కొబ్బరినూనెలో కాస్టిక్ సోడా నీళ్లు కలిపి, చిక్కబడ్డాక దంచిన ఉప్పు, దవనం నూనె పోసి టిఫిన్ డబ్బాలో ఆరనిచ్చేది. ఉప్పు సబ్బును పోసిన పూటే కోయాలి. ఆలస్యమైతే రాయి అయిపోయి కత్తికి లొంగదు. కోసిన వెంటనే ప్రతి ముక్కకూ చిల్లు పెట్టి, తాడు దూర్చి, స్నానాలగదిలో మేకుకు కట్టేది. తడి తగలకుండా అలా కడుతుందని నందిని అనుకునేది. బడిలో పక్కన కూర్చున్న పిల్లలు దవనం వాసన ఎక్కడిదని అడిగేవాళ్లు. చలికాలంలో వాళ్ల కాళ్లు పగిలేవి. నందిని కాళ్లు పగిలేవి కావు.

వేళ్ల కీళ్లు పట్టేశాక మునిలక్ష్మి సబ్బు చేయడం మానేసింది. అంగడి సబ్బు వాడితే చేతులు పొట్టు రాలుతున్నాయని ఫోనులో చెప్పేది. నందిని చేసి చూసింది. మొదటిసారి విరిగిపోయింది. రెండోసారి గట్టిపడలేదు. మూడోసారి కుదిరిందని తల్లికి ఫోను చేసింది.

"కుదిరిందో లేదో నేనొచ్చి సూస్తా. నువ్వు సెప్తే సాలదు," అంది మునిలక్ష్మి.

మళ్లీ చెడితే నవ్వుతారని నందిని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆమె సబ్బులు చేసినప్పుడు మామ ఎల్లప్ప సదుంలో కూతురింట్లో ఉన్నాడు. భర్త శివకుమార్ మదనపల్లె టమోటా మండీలో లెక్కలు రాస్తాడు, చీకటి పడ్డాక వస్తాడు. గాలి తగులుతుందని సబ్బుల తట్టను పశువుల కొట్టం అటక మీద పెట్టింది.

నందిని బయల్దేరాక ఎల్లప్ప మేత దించడానికి అటక ఎక్కాడు. తట్ట కనబడింది. అందులో తెల్లటి దిమ్మలు. నాలుక కొనతో తాకి చూశాడు. ఉప్పగా ఉంది. ప్రతిదానికీ చిల్లు, చిల్లులో తాడు.

పాడి ఉన్న ఇంట్లో ఎవరూ ఇంకొకటి అనుకోరు. ఆవులు నాకడానికి మేత వేసే గాటి దగ్గర వేలాడదీసే ఉప్పు ఇటుకకూ చిల్లు ఉంటుంది, తాడూ ఉంటుంది. ఆవు గౌరికి ఇటుక తెమ్మని ఎల్లప్ప కొడుకుకు ఎన్నాళ్లనుంచో చెబుతున్నాడు. కొడుకు రోజూ మరిచిపోతున్నాడు. ఎల్లప్ప ఫోను తీశాడు.

"శివా, ఇటుకలు తెచ్చినావు గదప్పా! సెప్పనన్నా సెప్పకపోతివే!"

మండీలో వేలంపాట జరుగుతోంది. శివకుమార్‌కు ఒక్క మాటా వినపడలేదు. తండ్రితో మాట్లాడేటప్పుడు అలవాటైన మాటే అన్నాడు.

"ఊ."

ఎల్లప్పకు కళ్లు చెమర్చాయి. గౌరి గాటి దగ్గర ఒకటి కట్టాడు. అంత సంతోషం ఒక ఇంటికి ఎక్కువ. మిగిలినవి వీధిలో ఆవులున్న ఇళ్లన్నింటికీ పంచాడు.

"ఇంత చిన్నగా ఉండాదే?" అన్నాడు పక్కింటి గంగప్ప.

"ఇప్పుడు అన్నీ సిన్నవే గదప్పా. బిస్కెట్ పాకెట్టు సూడు."

"వాసన గూడా కొట్టినారే!"

"కాలం మారె. మనకు లేని సోకు ఆవులకు వచ్చె."

పాల కేంద్రం దొరస్వామి క్యాన్లతో వచ్చేసరికి గౌరి నోటినుంచి నురగ కారుతోంది.

"ఏం ఎల్లప్పన్నా, ఇదేంది? గాలికుంటు రోగం మాదిరి ఉండాదే!"

"నీ నోట్లో మన్ను పడ! పొద్దున బాగుండె."

ఇద్దరూ గంగప్ప కొట్టంలోకి చూశారు. అక్కడా నురగే. ఆ పక్క కొట్టంలోనూ నురగే. దొరస్వామి క్యాను మూత బిగించాడు.

"ఈ వీధి పాలు నేను తీసుకునేది లేదు. ఊరంతా అంటుకుంటే నాదా పూచీ?"

నోరు కడిగితే తగ్గుతుందని గంగప్ప చెంబుతో నీళ్లు కొట్టాడు. నురగ రెండింతలైంది. బిందెతో కొట్టాడు. ఆవు గంగడోలు దాకా తెల్లబడింది. ఎదురింటి సరోజమ్మ ఉప్పు, మిరపకాయలు తెచ్చి గౌరికి దిష్టి తీసింది. చేతిలో ఉన్న ఉప్పును కూడా గౌరి నాకబోయింది.

దొరస్వామి ఫోను చేస్తే పశువుల డాక్టరు ప్రతాప్ వచ్చాడు. జ్వరం చూశాడు. నాలుక పట్టి లాగి చూశాడు. కాళ్లెత్తి గిట్టల మధ్య చూశాడు.

"పుండు లేదు, జొరం లేదు," అన్నాడు. "ఏం రోగమో తెలీదు గానీ, ఇంత శుభ్రంగా ఉండే ఆవు నోరు నా సర్వీసులో సూడలేదు."

అప్పుడే ఆటో వచ్చి ఆగింది. జనాన్ని చూసి నందిని గాబరా పడింది. మునిలక్ష్మి దిగి ఒకసారి గాలి పీల్చింది.

"నందినీ, దవనం వాసన వస్తాండాదే! యాడ్నుంచి?"

నందిని గాటి వైపు చూసింది. అక్కడ తాడు వేలాడుతోంది. తాడు చివర చిల్లు చుట్టూ ఉన్న కాస్త ముక్క మాత్రం మిగిలింది.

"మామా! అవి మా అమ్మకు చేసిన సబ్బులు!"

వీధిలో అందరూ ఎవరి కొట్టంలోకి వాళ్లు పరుగెత్తారు. తిరిగొచ్చినప్పుడు ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క తాడు ఉంది. ఎల్లప్ప తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"పాపా, ఒగటన్నా మిగలకపాయె గదమ్మా. నేనే నా సేతులారా..."

డాక్టరు ఆవులను లెక్క చూసుకుంటున్నాడు.

"సరోజమ్మా, మీ ఆవుకు నురగ లేదే?"

సరోజమ్మ కొంగు సర్దుకుంది.

"దానికి కట్టలేదు సార్. అంత మంచి వాసన ఆవుకు యాల? పెట్టెలో కోకల మధ్య పెట్టినాను."

ఎల్లప్ప ఆమె వెంట వాళ్లింటికి పోయాడు. సబ్బు ఇస్తేగానీ వెనక్కి రాలేదు. బదులుగా ఇంకొకటి ఇప్పిస్తానని మాట ఇచ్చాడు.

మునిలక్ష్మి స్నానానికి వెళ్లింది. నందిని తలుపు బయట నిలబడింది. నీళ్ల చప్పుడు ఆగింది. మునిలక్ష్మి తల తుడుచుకుంటూ వచ్చి, రెండు చేతులూ ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఉప్పు సరిగ్గా దంచలేదు. గరుకుండాది," అంది.

నందిని తల దించుకుంది.

"నా మొదటి సబ్బు గూడా ఇంతే గరుకు. మీ నాయిన అదే బాగుండాది అనె." ఆమె చేతులు ఇంకా దించలేదు. "అది గూడా ఆవే నాకేసె. ఆ తాడు యాల కడతాననుకుంటివి? తడికా? ఆవుకు అందకూడదనే గదా!"

నందిని ముందు నవ్వింది. తర్వాత తల్లి చేయి తన ముఖానికి ఆనించుకుంది. ఆ చేతికి కుప్పం ఇంటి వాసన ఉంది.

ఎల్లప్ప మళ్లీ ఫోను చేసి చెప్పడంతో, చీకటి పడ్డాక శివకుమార్ నిజంగానే ఇటుకలు తెచ్చాడు. అవి మదనపల్లెలో కొన్న అసలైన ఉప్పు ఇటుకలు. ఎల్లప్ప వీధంతా పంచి, మాట తప్పకుండా సరోజమ్మకూ ఒకటి ఇచ్చాడు.

మర్నాడు దొరస్వామి అందరి పాలూ తీసుకున్నాడు. అతను వెళ్లాక సరోజమ్మ తడి తలతో వచ్చి, ఈసారి సబ్బుకు నురగ రాలేదని నందినికి చెప్పింది.