అంగుళం కూడా కదలని వంతెన

కొత్త వంతెన ప్రారంభోత్సవంలో వంతెనల మంత్రిగారు చారిత్రక ప్రకటన చేశారు. "ఈ వంతెన నా మాట లాంటిది. అంగుళం కూడా కదలదు," అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. వేదిక చివర, మైకుల పెట్టె పక్కన నిలబడ్డ చిన్న ఇంజనీరు మాత్రం కొట్టలేకపోయింది. మంత్రిగారి మీద గౌరవం లేక కాదు. ఆ వంతెన సరిగ్గా కదలాలని రెండేళ్ళు నిద్రాహారాలు మాని కష్టపడింది ఆమే.

పెద్ద ఇంజనీరు రిటైరై ఆరేళ్ళయింది. ఆయన కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది, ఆయన పనంతా ఆమే చేస్తోంది, అయినా ఆఫీసులో ఆమె పేరు చిన్న ఇంజనీరే. వంతెన కింద ప్రతి స్తంభం నెత్తినా ఉన్న తెల్లటి పలకలను ఆమే ఏరికోరి తెప్పించింది. మాడిఫైడ్ ఫ్లోరోపాలిమర్ అంటారు దాన్ని. నాన్‌స్టిక్ పెనం మీది పూతకు దగ్గర చుట్టం. మామూలు రకం కూడా బాగానే జారుతుంది గానీ, నెత్తిన బరువు పెడితే ఏళ్ళ తరబడి మెల్లగా పక్కలకు పాకి పలచబడిపోతుంది. తయారీలో చిటికెడు వేరే సరుకు కలిపిన ఈ రకం అంత తొందరగా లొంగదు. ఎండకు వంతెన సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. ఆ పలక మీద హాయిగా జారి, మళ్ళీ వెనక్కి వస్తుంది. జారనివ్వకపోతే ఆ కోపమంతా స్తంభం మీద చూపించి దాన్ని చీలుస్తుంది.

ఈ సంగతే ఆమె టీ తాగుతూ ఒక విలేకరికి చెప్పింది. మర్నాడు పత్రికలో "కదులుతున్న మంత్రిగారి వంతెన" అని పెద్దక్షరాల్లో వచ్చింది.

ప్రతిపక్ష నాయకుడు ఒక్క క్షణం ఆలస్యం చెయ్యలేదు. స్తంభానికి స్కేలు బిగించి, వంతెనకు సున్నంతో గీత గీయించి, గొడుగు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పొద్దున సున్నా దగ్గరున్న గీత మధ్యాహ్నం రెండింటికి అంగుళంపావు దగ్గరికి వచ్చింది. తన రాజకీయ జీవితంలో రుజువుతో సహా చెప్పగలిగిన మొదటి నిజం అదే కావడంతో ఆయన దాన్ని మూడుసార్లు పైకి చదివి వినిపించాడు.

మంత్రిగారు చిన్న ఇంజనీరును పిలిపించారు. గదిలో కార్యదర్శిగారు కూడా ఉన్నారు. ఎంతటి అసాధ్యమైన పనినైనా ఒక్క పేరా రాసి సాధ్యం చేయగల సమర్థులు ఆయన. ఆమె సంచిలోంచి పలక ముక్క తీసి బల్ల మీద పెట్టి, దాని గుణగణాలు వివరించింది. యాసిడ్ పోసినా చలించదు. కరెంటును దాటనివ్వదు. రెండువందల అరవై డిగ్రీల వేడిలోనూ పనిచేస్తుంది. అందుకే రసాయనాల ఫ్యాక్టరీల్లో వాల్వులకూ పంపులకూ దీన్నే వాడతారు. అన్నిటికీ మించి, దాని ఒంటికి ఏదీ అంటదు. మంత్రిగారు ముక్కను అరచేతిలో తిప్పుతూ మురిసిపోయారు. ఆ చివరి విద్య తనకూ చిన్నప్పట్నుంచీ వచ్చునన్నారు.

"అంతా బాగుంది. ఆ కదలడం ఒక్కటీ మాన్పించండి."

"కదలకపోతే స్తంభం చీలుతుంది సార్."

"స్తంభం గురించి నేను మాట ఇవ్వలేదు కదమ్మా."

ఈ తర్కాన్ని కార్యదర్శిగారు వెంటనే రాసుకున్నారు. తర్వాత, వంతెనను పలకలకు జిగురుతో అంటించేస్తే ఎలా ఉంటుందని మెల్లగా అడిగారు. అదృష్టం ఏమిటంటే, మంత్రిగారి బావమరది పోయిన నెలలోనే జిగురు ఫ్యాక్టరీ పెట్టారు. దేశభక్తులకు అవసరాలు ముందే తెలుస్తాయి.

చిన్న ఇంజనీరు పలక ముక్కను మళ్ళీ సంచిలో వేసుకుంది. ఆ పలకకు జిగురు పట్టదు. పనిగట్టుకుని రసాయనంతో కాల్చి దాని చర్మం మారిస్తే తప్ప, ఏ జిగురూ పట్టదు. కాదంటే తనను బదిలీ చేస్తారు, వచ్చినవాడు పలకలే పీకించినా పీకిస్తాడు. ఇంటికి వెళ్ళి అత్తగారి దగ్గర మొరపెట్టుకుంది.

అత్తగారు ఉతికిన బట్టలు మడతపెడుతూ, "పట్టని జిగురుకు నువ్వెందుకు అడ్డం అమ్మాయ్? ఊఁ అనేస్తే సరిపోలా?" అంది.

ఆఫీసుకు వెళ్ళి ఆమె ఊఁ అంది. "ఈ జిగురు వల్ల ఈ వంతెనకు ఎలాంటి హానీ లేదు" అని రాసి సంతకం పెట్టింది. అందులో ప్రతి అక్షరం నిజమే.

పన్నెండు డ్రమ్ముల జిగురు పూశారు. మర్నాడు మధ్యాహ్నం వంతెన ఎప్పటిలాగే అంగుళంపావు నడిచింది. వంతెన సహకరించడం లేదని బావమరది నొచ్చుకున్నారు. అప్పుడు కార్యదర్శిగారు స్వయంగా వంతెన కిందికి వెళ్ళి, పది నిమిషాలు తలెత్తి చూసి, స్కేలును స్తంభం నుంచి ఊడదీయించి వంతెనకే బిగించమన్నారు. ఇప్పుడు గీతా వంతెన మీదే, స్కేలూ వంతెన మీదే. కలిసి వెళ్ళి కలిసి వస్తున్నాయి. పొద్దున సున్నా, మధ్యాహ్నం సున్నా. ప్రతిపక్ష నాయకుడు మూడు రోజులు కళ్ళు నులుముకుని చూసి, నాలుగో రోజు గొడుగు మడిచేశాడు. చిన్న ఇంజనీరు నవ్వాపుకోలేక జిగురు లారీ చాటుకు పరుగెత్తింది. అక్కడ డ్రైవరు కూడా నవ్వుతున్నాడు, ఎందుకో అతనికీ తెలియదు. వంతెన క్షేమం, మంత్రిగారి మాట క్షేమం, ఆమె ఉద్యోగం క్షేమం. చాలా కాలానికి ఆ రోజు ఆమె దారిపొడవునా ఈల వేసుకుంటూ ఇంటికి వెళ్ళింది.

ఆ ఆనందం వారం రోజులుంది. వారానికి మంత్రిగారు మరో ప్రకటన చేశారు. దేశంలో ఉన్న మిగతా నలభై వంతెనలకూ ఇదే జిగురు పూసి, అన్నిటినీ నిశ్చలం చేస్తామన్నారు. చిన్న ఇంజనీరుకు ఫ్రేము కట్టిన ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆమె దాన్ని చంకలో పెట్టుకునే కార్యదర్శిగారి గదికి పరుగెత్తింది.

"సార్, మిగతా వంతెనల కింద పలకల్లేవు. పాతకాలం ఇనుప రోలర్ల మీద దొర్లుతూ కదులుతాయవి. ఇనుముకు జిగురు గట్టిగా పట్టేస్తుంది."

కార్యదర్శిగారి మొహం వెలిగిపోయింది. "అంటే ఇంకా బాగా పనిచేస్తుందన్నమాట."

ఆమె గంటసేపు నచ్చజెప్పింది. ముందు రోలర్లు తీసి పలకలు పెట్టాలని అక్కడే కూర్చుని కాగితం రాసిచ్చింది. ఆయన దాన్ని రెండు చేతులతో అందుకుని, ఎంతో మర్యాదగా, మార్జిన్‌లో "రెండో విడతలో" అని రాశారు. మొదటి విడత ఉత్తర్వుల్లో ఆమె పాత వాక్యం అచ్చయింది. అచ్చులో "ఈ వంతెనకు" అన్నది "వంతెనలకు" అయింది.

మార్కెట్ దగ్గరి పాత వంతెనకు జిగురు పూసి అయిదు రోజులైందని ఆమెకు పత్రిక చూస్తేనే తెలిసింది. స్కూటరెక్కి వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద తారు మెత్తబడుతోంది. కూలీలు రోలర్ల తుప్పంతా గీకి, అద్దంలా తుడిచి మరీ జిగురు పూశారు. ఇరవై ఏళ్ళ సర్వీసులో ప్రభుత్వ పని అంత శ్రద్ధగా జరగడం ఆమె చూడలేదు. కింద విలేకరుల మధ్య కార్యదర్శిగారు వంగి స్కేలు చదువుతున్నారు. హడావిడిలో ఎవరూ చెప్పకపోవడంతో స్కేలును స్తంభానికే బిగించారు.

సున్నా. కార్యదర్శిగారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. సున్నాయే.

"స్కేలు మార్చకుండానే వచ్చింది మేడం," అని ఆమె చెవిలో గుసగుసలాడారు. ఆయన కళ్ళు చెమర్చాయి. ప్రతిపక్ష నాయకుడు కూడా పెద్దమనసుతో చప్పట్లు కొట్టాడు.

చిన్న ఇంజనీరు స్తంభం మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. వంతెన కోపమంతా ఇప్పుడు ఆ స్తంభం మీదే. చెయ్యి తీసింది. మెట్లెక్కి రోడ్డు మీదికి వెళ్ళి, వంతెన మొదట్లో స్కూటర్‌ను అడ్డంగా పడుకోబెట్టి, దాని ముందు చేతులు చాపి నిలబడింది. నిండుగా జనంతో వస్తున్న బస్సు కీచుమంటూ ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"ఏమైందమ్మా? వంతెన కదులుతోందా?"

"లేదన్నా," అంది ఆమె. "కదలడం లేదు."