గ్లాసు ఖాళీ అయితే సరేనన్నట్టు

సోమవారం పొద్దున ఆనందకుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉదయగిరి షెడ్డు మూసేయడానికి సారు చేత సరేననిపించుకోవాలి, వేళకి ఇంటికెళ్ళి భోంచేయాలి.

ఆత్మకూరు బస్టాండు వెనక వీధిలో ఉన్న చెంచురామయ్య హోల్‌సేల్ కంపెనీకి అతను మేనేజరు. కంపెనీ సరుకు చెక్క చెంచాలు, గరిటెలు, దువ్వెనలు. అవి తయారయ్యేది ఉదయగిరిలో ఒక రేకుల షెడ్డులో, పాతికమంది ఆడవాళ్ళ చేతుల్లో. ఆత్మకూరు ఆఫీసు చేసేది పెత్తనం. షెడ్డు ఎత్తేసి పని మొత్తం ఇక్కడికే తెస్తే, అద్దాల తలుపు వెనక కూర్చుని కళ్ళముందే చేయించుకోవచ్చని ఆనందకుమార్ ఆశ. ఆ ఆడవాళ్ళు రోజూ అంతదూరం బస్సులో ఎలా వచ్చిపోతారన్న ప్రశ్న అతను రాసుకున్న కాగితంలో లేదు. కాగితంలో లేనిది ప్రశ్నే కాదని అతను చదివిన కాలేజీలో నేర్పారు.

చెంచురామయ్యతో చిక్కేమిటంటే, ఆయన ఏ విషయం చెప్పినా వింటాడు. కళ్ళు సగం మూసుకుని, వేళ్ళతో బల్ల మీద తడుతూ చివరిదాకా వింటాడు. అవునన్నది లేదు, కాదన్నది లేదు. పెద్ద వ్యాపారి లక్షణం అదేనని ఊళ్ళో పేరు. పేరు బాగానే ఉంది గాని, కింద పనిచేసేవాళ్ళకి పని నడవాలి కదా. అందుకని ఏళ్ళ కిందటే ఆనందకుమార్ ఒక మర్మం కనిపెట్టాడు. విషయం చెప్పేటప్పుడు సారు ముందు టీ ఉండాలి. చెప్పి బయటికొచ్చి నిలబడాలి. గ్లాసు ఖాళీగా వస్తే సరేనన్నట్టు. సగం వదిలితే వద్దన్నట్టు.

ఈ పద్ధతి మీదే కంపెనీ లారీ కొంది, కావలి బ్రాంచి మూసింది, కలిగిరిలో పెడదామనుకున్న బ్రాంచి పెట్టకుండా వదిలేసింది. పెద్ద పెద్ద కంపెనీల్లో గోడ మీద తెర దించి, దాని మీద గీతలు చూపించి నిర్ణయాలు తీసుకుంటారట. గీతలకంటే గ్లాసే నయం, కడిగి మళ్ళీ వాడుకోవచ్చు. ఈ మర్మం ఆఫీసులో అందరికీ తెలుసు. తెలియనిది చెంచురామయ్యకి ఒక్కడికే.

ఆ సోమవారం మాత్రం ఆనందకుమార్‌కి తెలియని సంగతి ఇంకొకటి జరిగి ఉంది. ఆదివారం నెల్లూరులో డాక్టరు చెంచురామయ్య రక్తం చూసి, చక్కెర మానేయమన్నాడు. కూతురు వెంటనే, ఆయన ఎదుటే, ఆఫీసు ఎదురుగా టీ బంకు నడిపే లిదియమ్మకి ఫోన్ చేసింది. "నాయనకి ఒక్క పలుకు చక్కెర పడినా ఆఫీసు టీ వేరేచోటికి మారుస్తా. ఎవురికీ చెప్పబాక. గ్లాసు వదిలేస్తే నాకు చెప్పు." లిదియమ్మకి ఆ ఆఫీసే పెద్ద గిరాకీ. సరేనంది.

ఆనందకుమార్ షెడ్డు మూసే విషయం చెప్పి బయటికొచ్చాడు. చెంచురామయ్య ఒక గుక్క తాగాడు. ముఖం ముడుచుకుపోయింది. గ్లాసు అలాగే పంపితే లిదియమ్మ కూతురికి చెబుతుంది, కూతురు సాయంత్రం గంటసేపు చెబుతుంది. ఆయన లేచి, కుర్చీ వెనక కిటికీ రెక్క తీసి, టీ సందులోకి పారబోసి వచ్చి కూర్చున్నాడు.

గ్లాసు ఖాళీగా బయటికి వచ్చింది.

ఆనందకుమార్ ఆలస్యం చేసే మనిషి కాదు. డ్రైవర్ నబీ రసూల్‌ని పిలిచాడు. "లారీ తీసుకొని ఉదయగిరి పో. షెడ్డులో కోత మిషన్లు, బల్లలు అన్నీ ఎక్కించుకొని రా."

"అన్నీనా సార్?"

"అన్నీ. సారు తాగేసినారు."

నబీ రసూల్‌కి ఆ మాట చాలు. డీజిల్ పోయించుకోవడానికి వెళ్ళాడు.

అతను అటు వెళ్ళగానే మొదటి బస్సుకి ఉదయగిరి నుంచి జబీవుల్లా దిగాడు. షెడ్డుకి సూపర్‌వైజర్ అతనే. షెడ్డు పోతుందన్న మాట అతని చెవిన పడి వారమైంది. అతని భార్య, పిన్ని, ఇద్దరు వదినలు అందులోనే పనిచేస్తారు. షెడ్డు మూస్తే ఇల్లు మొత్తం ఒకే రోజున ఖాళీగా కూర్చుంటుంది. అందుకని అతను దారిలో ఒక ఉపాయం ఆలోచించుకున్నాడు. షెడ్డు పైకప్పు కారుతోంది. కొత్త రేకులకి సారు సరేనంటే చాలు. మూసేదానికి రేకులు ఎవరూ వేయరు కదా.

లిదియమ్మ గ్లాసు తీసుకుని పోతుంటే అడ్డం నిలబడ్డాడు. "లిదియక్కా, ఈ తూరి టీ కాస్త మనసు పెట్టి కాంచు."

"రోజూ ఏం పెట్టి కాస్తా ఉండాను? జరుగు, పొంగిపోతాది."

జబీవుల్లా రేకుల సంగతి చెప్పి, బయటికొచ్చి, దణ్ణం పెట్టుకుంటున్నట్టు నిలబడ్డాడు. గ్లాసు వచ్చింది. ఖాళీ. అతను కళ్ళు తుడుచుకున్నాడు. ఆనందకుమార్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"సార్ రేకులు వేయమన్నారు," అన్నాడు జబీవుల్లా.

"షెడ్డు మూయమని కూడా అన్నారు."

"ఎప్పుడు?"

"నీకంటే ముందు గ్లాసులో."

ఇద్దరూ కాసేపు తలుపు వంక చూశారు. లోపలికెళ్ళి అడగడమన్నది ఆ ఆఫీసులో ఎవరికీ అలవాటు లేదు. ఒకసారి చెప్పిన విషయం మళ్ళీ అడిగితే తెలివితక్కువవాడని పేరు పడిపోతుంది. మేనేజరు తెలివితక్కువగా ఉండొచ్చు గాని, ఆ సంగతి సారుకి తెలియకూడదు.

"ఇందులో ఏదో ఉండాది జబీవుల్లా," అన్నాడు ఆనందకుమార్ చివరికి. "షెడ్డు మూస్తాం. మూసిన షెడ్డుకి రేకులు వేస్తాం. సారు చానా ముందుకి ఆలోచిస్తారు."

"ఎంత ముందుకి సార్?"

"మనకి కనపడనంత."

డీజిల్ పోయించుకుని వచ్చిన లారీలోనే రేకులు కూడా ఎక్కించారు. రేకులు దించి మిషన్లు ఎక్కించుకు రమ్మన్నారు. నబీ రసూల్ ఆ మాట రెండుసార్లు చెప్పించుకుని, తల గోక్కుని, బండి తీశాడు.

రెండు గ్లాసులు వరసగా ఖాళీ అయ్యాయన్న కబురు ఆఫీసంతా పాకింది. సారు మనసు ఈరోజు బాగుందని తేలింది. గుమాస్తా ఒకడు గురువారాలు ఏఎస్ పేట దర్గాకి పోవడానికి సెలవు అడిగాడు. ఖాళీ. ఇంకొకడు తన సీటు దగ్గరికి కూలర్ అడిగాడు. ఖాళీ. కాపలావాడు ఎండాకాలంలో వానకోటు అడిగాడు. అదీ ఖాళీయే. టీలు మోసి మోసి లిదియమ్మ ముఖం వెలిగిపోయింది. "అయ్య ఇన్ని తాగేది నేనెప్పుడూ చూళ్ళేదు. చేతి మహత్యం," అంది.

ఆనందకుమార్‌కి అనుమానం వచ్చింది. ఏదో తేడాగా ఉంది. కాలేజీలో నేర్పిన ఇంకో సంగతి గుర్తొచ్చింది. అనుమానం వస్తే పరీక్ష పెట్టాలి. అతను లోపలికెళ్ళి, ఉదయగిరి షెడ్డు ఎట్టి పరిస్థితిలోనూ మూయకూడదని విన్నవించి బయటికొచ్చాడు.

ఖాళీ.

ఇప్పుడు అతని చేతిలో షెడ్డు మూయమని ఒకటి, రేకులు వేయమని ఒకటి, మూయొద్దని ఒకటి, మొత్తం మూడు నిర్ణయాలున్నాయి. నబీ రసూల్‌కి ఫోన్ కొట్టాడు. బండి నడిపేటప్పుడు ఫోన్ ఎత్తడని నబీ రసూల్‌కి పేరు. ఆ పేరు ఆ రోజు కూడా నిలబెట్టుకున్నాడు.

భోజనం వేళ దాటిపోయింది. ఆనందకుమార్ ఇంటికి పోలేదు. ఎండ కాస్త వాలాక లారీ వచ్చి ఆఫీసు ముందు ఆగింది. వెనక కోత మిషన్లున్నాయి, బల్లలున్నాయి. పెద్ద మిషను మీద కొంగు తలమీదికి లాక్కుని ఒక ముసలామె కూర్చుని ఉంది.

నబీ రసూల్ దిగి వచ్చాడు. "సార్, రేకులు దించినాను. మిషన్లు తెచ్చినాను. ఈమె మాత్రం మీరు చెప్పిన దాంట్లో లేదు."

ఆమె అమీరున్నీసా. షెడ్డులో అందరికంటే పాత చేయి. జబీవుల్లాకి పిన్ని వరస. "నేను కూచున్న మిషను యాడికి పోతే నేనూ ఆడికే," అంది పైనుంచే.

జబీవుల్లా లారీ దగ్గరికి పరిగెత్తాడు. "ఖాలా, దిగు. అందురూ చూస్తా ఉండారు."

"చూడనీరా. రేపట్నించి చూసేదానికి నేను యాడ దొరకతాను? పైన కొత్త రేకులేసి లోపల పొయ్యి ఆర్పేసే తెలివి ఎవురిదిరా?"

"సారుది."

"అయితే సారునే అడగతా."

ఎవరూ ఆపేలోపు ఆమె దిగి, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, నేరుగా లోపలికి పోయింది. ఆ గదిలోకి ప్రశ్న పట్టుకుని మనిషి పోవడం ఆఫీసు చరిత్రలో అదే మొదలు. వెనకే అందరూ గుమ్మంలో గుమిగూడారు.

"అయ్యా, మా షెడ్డు మూయమన్నారంట."

చెంచురామయ్య వేళ్ళు బల్ల మీద ఆగిపోయాయి. "నేనా? ఎవురు చెప్పినారమ్మా?"

ఆమె ఆనందకుమార్ వైపు చూసింది. అతను గొంతు సవరించుకున్నాడు. "మీరే సార్. పొద్దున."

"పొద్దున నేను నోరు తెరిచినానా?"

"టీకి తెరిచినారు కదా సార్. మొత్తం తాగేసినారు."

చెంచురామయ్యకి అర్థం కాలేదు. అర్థమయ్యేలా ఎవరైనా చెప్పేలోపు, వెనక సందులో బట్టలు కుట్టే అన్సార్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. చేతిలో తెల్ల చొక్కా ఉంది. దాని మీద గోధుమ రంగు మరకలు.

"పెద్దాయనా, ఇది పెండ్లికొడుకుది," అన్నాడు శాంతంగా. "ఉతికి మీ కిటికీ కింద ఆరేసినా. పైనుంచి టీ పడింది. పొరపాటులే అని మళ్ళీ ఉతికినా. మళ్ళీ పడింది. పక్కకి జరిపినా. ఆడ కూడా పడింది. మీకు ఈ పెండ్లి ఇష్టం లేదా?"

మొదట తేరుకున్నది లిదియమ్మ. "అంటే నా టీ తాగలేదా అయ్యా?"

"డాక్టరు వద్దన్నాడని చక్కెర లేదు కదమ్మా. వదిలేస్తే మా పాపకి చెప్తావు," అన్నాడు చెంచురామయ్య, దొంగతనం బయటపడ్డ పిల్లవాడిలా.

ఆనందకుమార్ ముందుకొచ్చాడు. "మరి ఇంతకుముందు సార్? సగం వదిలేసినవి? కలిగిరి బ్రాంచి?"

"బాగుంటే తాగతా, బాగలేకుంటే వదిలేస్తా. టీ ఎవురైనా అట్నే కదా తాగేది?"

"కలిగిరి అనుకున్నప్పుడు నాలుగు నెల్లు మా బర్రె ఒట్టిపోయిందయ్యా," అంది లిదియమ్మ నొచ్చుకుంటూ. "పాకెట్ పాలు పోసినా. మీకు సయించలేదని అప్పుడే అనుకున్నా."

ఆ నాలుగు నెలల్లో కంపెనీ ఏ కొత్త పనీ మొదలుపెట్టలేదు. మార్కెట్ మందగించిందని ఆనందకుమార్ అప్పట్లో అందరికీ వివరించి ఉన్నాడు.

"మీరు చదువుకున్నోళ్ళు, అన్నీ మీరే చూసుకుంటా ఉండారు గదా," అన్నాడు చెంచురామయ్య. "మధ్యలో నేనెందుకని ఊరుకున్నాను. బాగానే నడపతా ఉండారని అందురితో చెప్పినా కూడా."

ఇన్నేళ్ళూ కంపెనీని నడిపింది ఎవరా అని ఒక్కొక్కరూ ఒక్కో దారిన వెతికారు. అన్ని దారులూ బర్రె దగ్గరికే చేరాయి.

అమీరున్నీసా మాత్రం వెతకలేదు. "అదంతా అయిపోయిన కత. ఇప్పుడు చెప్పండయ్యా. షెడ్డు ఉండాలా, పోవాలా?"

చెంచురామయ్య నోరు తెరిచాడు. అలవాటు లేని పని. మూశాడు. బల్ల మీద తట్టాడు. ఆనందకుమార్ తన కాగితం ముందుకు తోశాడు. చెంచురామయ్య కాగితం వంక చూశాడు, అమీరున్నీసా వంక చూశాడు, చివరికి గుమ్మం వంక చూసి అన్నాడు. "లిదియమ్మా, ఒక టీ."

"చక్కెర వేసా, వేయకనా?" అంది లిదియమ్మ.

అంత పెద్ద ప్రశ్న ఆ గదిలో ఎప్పుడూ పుట్టలేదు. ఆనందకుమార్ "డాక్టరు..." అని మొదలుపెట్టాడు. అమీరున్నీసా అడ్డం వచ్చింది. "షెడ్డు ఉండాలనేదానికి ఈ టీ. అందురూ విన్నారు గదా. వేసి తీసుకురా తల్లీ. పాపకి నేను చెప్పుకుంటా, ఈ ఒక్కదానికి."

టీ వచ్చింది. చక్కెర అడుగున కరగకుండా ఉంది. అమీరున్నీసా నడుము దగ్గర దోపుకున్న కొత్త చెక్క చెంచా తీసి, గ్లాసులో నెమ్మదిగా తిప్పి, ముందుకు జరిపింది. ఈసారి ఎవరూ మర్యాదకి బయటికి పోలేదు. కిటికీ దగ్గర అన్సార్ నిలబడ్డాడు.

చెంచురామయ్య తాగాడు. గ్లాసు పైకెత్తి అడుగున తట్టి, చివరి చుక్క కూడా తాగి, బల్ల మీద బోర్లించాడు. జబీవుల్లా నబీ రసూల్‌ని కేకేస్తూ లారీ దగ్గరికి పరిగెత్తాడు.

ఆ సాయంత్రమే మిషన్లు కొత్త రేకులు దించిన షెడ్డుకి వెనక్కి బయలుదేరాయి. అమీరున్నీసా ఈసారి నబీ రసూల్ పక్కన కూర్చుంది. చొక్కాకి మొత్తం టీ రంగే అద్దించమని, ఖర్చు తనదని చెంచురామయ్య అన్సార్‌కి చెప్పాడు. నోటితో ఆయన తీసుకున్న మొదటి నిర్ణయం అది. పెండ్లికొడుక్కి నచ్చిందట.

మర్నాటి నుంచి ఆనందకుమార్ ఆఫీసుకి వచ్చేముందు లిదియమ్మ ఇంటికి పోయి బర్రెను ఒకసారి చూసి వస్తున్నాడు. దాన్ని అతను మార్కెట్ సర్వే అంటాడు.