ఆటోపైలట్‌ని కట్టుకున్న భాగ్యం

పెళ్లి కావలసిన అమ్మాయిలారా, ఒక్క మాట వినండి! మనుషుల్ని చేసుకోకండి. ఆటోపైలట్‌ని చేసుకోండి.

నవ్వకండి. నాకు పెళ్లై ఇవాళ్టికి యాభై మూడు రోజులు. ఇంత సుదీర్ఘమైన అనుభవంతో చెబుతున్నాను కాబట్టి కాస్త గౌరవంగా వినాలి.

మా ఆయన విమానాలు బాగుచేసే షెడ్డులో పని చేస్తారు. దాన్ని షెడ్డు అంటే ఆయనకి కోపం, హ్యాంగర్ అనాలి. అందులోనూ ఆయన పని ప్రత్యేకంగా ఆటోపైలట్‌ని పరీక్షించడం. తొమ్మిదేళ్లుగా పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా దానితోనే కాపురం. ఈపాటికి ఎవరి పోలికలు ఎవరికి వచ్చాయో చెప్పడం కష్టం!

పెళ్లైన రెండో రోజే ఆటోపైలట్ అంటే ఏమిటో నాకు చెప్పారు. వేరే భర్తలు కొత్త పెళ్లాలకి ఇంకేవేవో చెబుతారట. పాపం వాళ్లు!

“చాలా తేలిక. దానికి మూడే ప్రశ్నలు. ఇప్పుడెలా ఉన్నాను? ఎలా ఉండాలి? మధ్యలో తేడా ఎంత? ఆ తేడాని కాస్త కాస్త తగ్గించుకుంటూ పోతుంది. అంతే.”

“అంతేనా?”

“అంతే. కాకపోతే సెకనుకి చాలాసార్లు.”

విమానం ఒక పక్కకి వాలితే గైరో అనే సెన్సర్ పసిగడుతుంది. ముందువైపు గొట్టంలోకి కొట్టే గాలిని బట్టి వేగం తెలుస్తుంది. విమానం ఒంటి మీది చిన్న చిన్న రంధ్రాల్లో గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు తెలుస్తుంది. ఇవన్నీ చూసుకుని కంప్యూటర్ లెక్క కడుతుంది. ఒక చిన్న మోటారు రెక్క అంచుని ఇంతంటే ఇంత తిప్పుతుంది. విమానం మళ్లీ సమంగా నిలబడుతుంది. లోపల రెండు వందల మంది నోళ్లు తెరుచుకుని నిద్రపోతూనే ఉంటారు. ఒక్కళ్లైనా లేచి థాంక్స్ చెబుతారా?

మా ఆయనా అంతే! మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు నాన్న ఎదురుగా కూర్చుని, “ఉద్యోగం ఎలా ఉంది బాబూ?” అని అడుగుతున్నారు. ఈయన జవాబు చెబుతూ చెబుతూ చెయ్యి చాచి, నాన్న కళ్లజోడు రెండు డిగ్రీలు ఎడమకి సరిచేశారు. మాట ఆగలేదు. చూపు తిప్పలేదు. చెయ్యి వచ్చింది, పని చేసింది, వెళ్లిపోయింది. నాన్న నోరెళ్లబెట్టారు. తలుపు వెనక నేను ఆ క్షణంలోనే మనసు పారేసుకున్నాను.

మా పెళ్లి ఆల్బం చూడండి. ఫొటో తీస్తుంటే నాకు కుడివైపు ఒరిగే అలవాటు. ఫొటో ఫొటోకీ ఆయన ఎడమకి ఒరిగి ఉంటారు. సగటు తీస్తే మా జంట నిటారుగా ఉన్నట్టే!

ఇక కాఫీ సంగతి. నాకు సంతోషమేస్తే చక్కెర ఎక్కువ పడుతుంది. ఈ మధ్య రోజూ సంతోషమే. ఆయన మారు మాట్లాడకుండా కాసిని పాలు పోసుకుంటారు. పాలు ఎక్కువయ్యాయని నేను ఇంకో చెంచా పొడి, ఇంకో చెంచా చక్కెర. ఆయన మళ్లీ పాలు. కప్పుతో మొదలైన కాఫీ ఇప్పుడు చెంబులోకి మారింది. దీన్ని ఓవర్ కరెక్షన్ అంటారట. మేం ప్రేమ అంటాం.

తొమ్మిదో రోజు జరిగింది వింటే మీకు కుళ్లు పుడుతుంది. మ్యాట్నీ చూసి స్కూటర్ మీద ఇంటికి బయల్దేరాం. నేను వెనక కూర్చుని ఆయన వీపుకి సినిమా కథంతా చెబుతున్నాను. ఆయనా చూశారు, అయినా చెబుతున్నాను, కొత్త కదా! స్కూటర్ ఎక్కడెక్కడో మలుపులు తిరిగి ఒక పాత మేడ ముందు ఆగింది. ఆయన మూడంతస్తులు ఎక్కారు. ఏదో సర్‌ప్రైజ్ కాబోలని నేనూ గంతులేసుకుంటూ ఎక్కాను. ఆయన తలుపు తోశారు, చెప్పులు విడిచారు, తాళంచెవి మేకుకి తగిలించారు, వెళ్లి మంచం మీద వాలారు.

ఆ మంచం మీద అప్పటికే బనీనుతో ఒకతను పడుకుని పేపరు చదువుతున్నాడు. మా ఆయన పాత రూమ్మేట్.

“ఒరేయ్! నీకు పెళ్లైందిరా!” అన్నాడు ఉలిక్కిపడి.

“అవును కదా,” అన్నారు మా ఆయన, అప్పుడే కబురు అందినట్టు.

“మరి ఆవిడేదిరా?”

“ఇక్కడున్నానండీ,” అన్నాను గుమ్మంలోంచి.

“అమ్మో, వదినగారా! లోపలికి రండి... వద్దొద్దు, రాకండి, చొక్కా వేసుకోనివ్వండి!”

ఇంకొకతె అయితే పుట్టింటికి ఫోన్ చేసేది. నేను మెట్ల మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాను. ఆలోచించండి! పెళ్లాం పక్కన ఉన్నా దారి తప్పని మగవాడు ఎంతమందికి దొరుకుతాడు?

“ఆటోపైలట్ తప్పేం లేదు,” అన్నారు తిరిగొస్తూ. “హెడింగ్, అంటే వెళ్లాల్సిన దిక్కు, పాతది ఉండిపోయింది. కొత్తది సెట్ చెయ్యకపోతే అదేం చేస్తుంది?”

“సెట్ చెయ్యాల్సిందెవరు?”

“నేనే.”

“మరి తప్పెవరిది?”

“టెక్నికల్‌గా చూస్తే...” అని మొదలుపెట్టి, ఇల్లొచ్చేదాకా టెక్నికల్‌గా చూశారు.

అసలు లాభం మీకింకా చెప్పలేదు. హ్యాంగర్‌లో తెలివి మొత్తం ఖర్చుపెట్టి వస్తారు కదా, ఇంట్లో అడుగుపెట్టగానే ఆటోపైలట్ ఆన్. ఏమడిగినా “ఊ”. “ఏమండీ, పసుపు కర్టెన్లు వేయిద్దామా?” “ఊ.” “వంటింటికి గులాబీ రంగు?” “ఊ.” “మా తమ్ముడు నెల్లాళ్లు ఉంటాడట. డ్రమ్స్ నేర్చుకుంటున్నాడు, అవి కూడా తెచ్చుకుంటాడట.” “ఊ.” మా అక్క ఒక్క తలగడ గలీబు మార్చడానికి మా బావతో మూడు వారాలు వాదించింది. నేను మూడు నిమిషాల్లో ఇల్లంతా మార్చేశాను!

ఇదెంతవరకు పోతుందో చూద్దామని ఒకసారి, “సర్కస్‌లో చేరుతున్నానండీ. ఫిరంగిలోంచి ఎగిరే ఉద్యోగం,” అన్నాను.

“ఊ. హెల్మెట్ పెట్టుకో,” అన్నారు.

చూశారా! భద్రత దగ్గర రాజీ లేదు!

ఒకే ఒక్క చిన్న విషయం ఉంది. చెప్పుకోదగ్గది కూడా కాదు. నేను పుట్టి ఇరవై అయిదేళ్లైనా సముద్రం చూడలేదు. పెళ్లికి ముందు ఫోన్లో ఆ మాట అంటే, “పెళ్లవగానే మొదటి పని అదే,” అని ఈయన మాటిచ్చారు. హ్యాంగర్‌లో పెళ్లి సెలవు పది రోజులు ఇస్తారు. అరవై రోజుల్లోపు వాడుకోకపోతే అది పోయినట్టే. అంతే సంగతి.

మూడో రోజే పెట్టె సర్దేశాను. కంట పడాలని గది నడిమధ్య పెట్టాను. ఆయన దాని చుట్టూ తిరిగి వెళ్లారు. గుమ్మానికి అడ్డంగా జరిపాను. దాటి వెళ్లారు. పదో రోజుకి దాని మీద పేపర్లు పెట్టడం మొదలైంది. ఇరవయ్యో రోజుకి దాని మీద కూర్చుని సాక్సులు తొడుక్కుంటున్నారు. “ఎత్తు భలే సరిపోయింది,” అని మెచ్చుకున్నారు కూడా.

సెలవు ఫారం నేనే నింపాను. సంతకం చోటు వదిలి, ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించాను. చూడాలని కావాలనే వంకరగా అంటించాను. పొద్దున్నే ఆయన పాల కోసం వచ్చారు. ఫారం ముందు ఆగారు. నేను పెన్ను మూత తీశాను. చెయ్యి వచ్చింది. ఫారాన్ని నిటారుగా సరిచేసి, పాలు తీసుకుని వెళ్లిపోయింది!

సాయంత్రం నేను వంకర చేస్తాను. పొద్దున్న ఆయన సరిచేస్తారు. ఇలా నెల దాటింది. అంత తిన్నగా ఉన్న కాగితం లోకంలో మరొకటి ఉండదు. సంతకం మాత్రం లేదు. ఇంత చక్కగా సర్దిపెట్టే మనిషి దొరికితే ఏ ఆడదైనా ఫిర్యాదు చేస్తుందా? నేను చెయ్యడం లేదు. గమనించగలరు.

నలభై ఆరో రోజున హ్యాంగర్‌లోకి ఉద్యోగుల ఇళ్లవాళ్లని రానిచ్చారు. ఆయన నన్ను విమానం ముందు సీట్లో కూర్చోబెట్టి పక్కన కూర్చున్నారు. విమానం ఒంటి మీద రంధ్రాలు చెప్పాను కదా, వాటికి గొట్టాలు తగిలించి, ఒక పెట్టెతో లోపలి గాలి లాగేస్తారు. గాలి పల్చబడేసరికి విమానం పైకెళ్లాననుకుంటుంది! ఎత్తు చూపించే ముల్లు గిర్రున తిరిగింది. పది వేల అడుగులు, ఇరవై వేలు, ముప్పై వేలు! కిటికీలోంచి చూస్తే అదే గోడ, అదే ఇసుక బకెట్, ఎవరిదో ఆరేసిన జేబురుమాలు. నేను చప్పట్లు కొట్టాను.

“ఇప్పుడు చూడు,” అని ఆయన గాలి కాస్త వదిలారు. విమానం కిందికి జారాననుకుంది. నా ముందున్న స్టీరింగ్ ఎవరూ ముట్టుకోకుండానే వెనక్కి కదిలింది. ముక్కు పైకెత్తి మళ్లీ పైకెళదామని దాని ప్రయత్నం. ఎంత ముద్దొచ్చిందో!

అప్పుడు చూశాను మా ఆయన కళ్లు. ఎలా వెలుగుతున్నాయో! ముల్లు వెంట్రుకవాసి వణికినా “ఆగాగు, అదిగో” అంటున్నారు. ఇంట్లో ఈ కళ్లు నేనెప్పుడూ చూడలేదు. నాకు చూపించింది వేరే జత కాబోలు.

“ఈ ఎర్ర బటన్ ఏంటండీ?”

“అది ముట్టుకోకు. నొక్కితే ఆటోపైలట్ తప్పుకుంటుంది. తప్పుకుంటూ అలారం మోగిస్తుంది. ఇక నువ్వు చూసుకో అని పైలట్‌కి చెప్పాలి కదా! చెప్పకుండా వదిలేస్తే ఎంత ప్రమాదమో తెలుసా? ఎవరూ నడపట్లేదని ఎవరికీ తెలీదు.”

నొక్కాను.

హ్యాంగర్ అదిరిపోయేలా అలారం మోగింది. ఆయన ఎగిరిపడి స్టీరింగ్ రెండు చేతులా పట్టుకున్నారు, నేల మీద నిలబడి ఉన్న విమానం పడిపోకుండా! “ఏంటి, ఏమైంది?”

“ఏమండీ, సముద్రానికి ఎప్పుడు వెళ్తాం?”

ఆయన నా వైపు తిరిగారు. ముల్లుని చూసిన కళ్లతోనే చూశారు.

“సముద్రమా? వెళ్దామని ఎప్పుడన్నావ్?”

“నలభై మూడు రోజులుగా అంటున్నాను. పెట్టె కూడా సర్దాను.”

“ఏ పెట్టె?”

“మీరు కూర్చుని సాక్సులు తొడుక్కుంటారే, అది!”

“అది... పెట్టెనా?”

“సెలవు ఫారం కూడా నింపాను. ఫ్రిజ్ మీదుంది. రోజూ మీరే కదా సరిచేస్తున్నారు!”

“వంకరగా ఉందని చూశాను,” అన్నారు నెమ్మదిగా. “చదవలేదు.”

“ఎవరయ్యా అక్కడ డిస్‌కనెక్ట్ చేసింది?” కింద నుంచి సూపర్‌వైజర్ కేక.

“మా ఆవిడండీ!” అన్నారు మా ఆయన. ఆ గొంతులో అంత గర్వం ఎందుకో నాకిప్పటికీ తెలీదు.

సంతకం ఆ సాయంత్రమే పడింది, ఫ్రిజ్ దగ్గరే నిలబడి. సెలవు మర్నాడే మంజూరైంది. బయల్దేరే ముందు గోళ్ల రంగు తీసి ఆయన మణికట్టు మీద ఎర్ర చుక్క పెట్టాను, ఇక ఇదే నా బటన్ అని. ఆయన సీసా లాక్కుని నా మణికట్టు మీద కూడా ఒకటి పెట్టారు. “విమానంలో ఇద్దరు పైలట్లకీ చెరొకటి ఉంటుంది,” అన్నారు. నాకెందుకని నవ్వాను.

ఇప్పుడు సముద్రం ఎదురుగానే కూర్చుని ఇది రాస్తున్నాను. మొన్న మొదటిసారి చూడగానే నేను కెవ్వున అరిచాను. మా ఆయన తల కాస్త వంచి, నీళ్ల చివరి గీత తిన్నగానే ఉందని ధ్రువీకరించారు.

ఆయనలో చాలా మార్పు వచ్చింది. ఇందాకటి నుంచి పక్కన కూర్చుని ఒకటే మాట్లాడుతున్నారు. ఏదో పడవ గురించి, ఎవరో పిల్లాడి గాలిపటం గురించి. నేను రాసుకుంటూ “ఊ” అంటున్నాను. అలా నవ్వకండి! ఇది చదవడం మొదలుపెట్టినప్పటి నుంచి మీరు పక్కవాళ్లకి ఎన్ని “ఊ”లు కొట్టారు? దేనికి కొట్టారో చెప్పగలరా? ఆ యంత్రానికి ఉన్న మర్యాద మనకి లేదు. అది వదిలేస్తే అలారం మోగిస్తుంది. మనం వదిలేస్తే “ఊ” అంటాం.

మళ్లీ ఏదో అడిగారు. “ఊ,” అన్నాను.

“నిజంగానా?” అంటున్నారు సంబరంగా. అమ్మో, దేనికి ఒప్పుకున్నాను!

ఇంతలో నా మణికట్టు మీద ఎర్ర చుక్కని ఒక వేలు గట్టిగా నొక్కింది.

“సముద్రం అక్కడుంది,” అన్నారు మా ఆయన.

పెన్ను పక్కన పెట్టేస్తున్నాను.