ఖాళీగా ఉన్న అమ్మాయి

మా అమ్మాయి దివ్యశ్రీ ఖాళీగా ఉందని మా ఊరి బోట్ల సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ సంగతి తెలియజేయడానికి ప్రెసిడెంటు సోమేశ్వరరావు గారు స్వయంగా మా ఇంటికి విచ్చేశారు. మా ఆయనకి వరసకి అన్నగారు. ఆ సమయానికి దివ్యశ్రీ వాకిట్లో ఆ ప్రెసిడెంటు గారి బోటు ఇంజినే విప్పుకుని కూర్చుంది. మోచేతుల దాకా డీజిలు ఉండడంతో లేచి నమస్కారం పెట్టలేకపోయింది. ఖాళీగా ఉండడమే కాక, మర్యాద కూడా లేదని ఆ తర్వాత తీర్మానంలో ఒక వాక్యం చేర్చారు.

మాది కోడూరు అవతల, సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. దివ్యశ్రీ మెకానికల్ డిప్లొమా చేసింది. చదువయ్యాక తనకి ఇంజిన్ల పనే కావాలనీ, అది ఇచ్చే చోటు దొరికేదాకా ఆగుతాననీ చెప్పింది. నేను ఏడో తరగతి చదివినదాన్ని. మనసుకి నచ్చిన పని అనే పాఠం మాకు లేదు. ఆగి ఆగి పిల్లకి మతి చలిస్తే ఏ ఆస్పత్రికి తీసుకెళ్లాలో, దానికి బస్సు ఎన్నింటికి ఉందో ముందే కనుక్కుని పెట్టుకున్నాను. బందరు వాళ్లు పోర్టు కోసం తాతల కాలం నుంచి ఎదురుచూశారు. వాళ్లని ఎవరూ ఖాళీగా ఉన్నారనలేదు. ఊరు ఎదురుచూస్తే అది ఓపిక. పిల్ల ఎదురుచూస్తే బద్ధకం.

అలా ఆగిన రెండేళ్లలో ఆమె చేసింది ఏమీ లేదు. పొద్దున్నే మూడో నాలుగో ఇంజిన్లు మా వాకిట్లోకి వచ్చేవి, సాయంత్రానికి బాగుపడి వెళ్లేవి. డబ్బు ఎవరూ ఇవ్వలేదు. ఇస్తే అది పని అవుతుంది. పని అయితే పిల్ల ఖాళీగా ఉన్నట్టు కాదు. అప్పుడు పెద్దల తీర్మానం ఏమైపోవాలి? వల లాగడానికి చెయ్యేసినవాళ్లకి కూరకి నాలుగు చేపలు పెట్టడం మాలో ఆచారం. అందుకని ఇంజిను తీసుకెళ్లేటప్పుడు కవళ్లో కానాగంతలో, ఆ రోజు పడ్డ చేపలు గిన్నెలో పోసి వెళ్లేవాళ్లు. మేం తినగా మిగిలినవి నేను ఎండబెట్టి అవనిగడ్డలో అమ్మేదాన్ని. మా ఆయన గంగరాజు నడుం పట్టేసి సముద్రం మానేశాక ఇల్లు వాటి మీదే నడిచింది. అయినా దాన్ని సంపాదన అనరు. సంపాదన అంటే నెల మొదట్లో ఫోనుకి బ్యాంకు మెసేజ్ రావాలి.

సోమేశ్వరరావు గారు ఊరికే రాలేదు, ఉద్యోగం తెచ్చారు. గుడివాడలో పెద్ద బట్టల షోరూమ్. తలుపు దగ్గర నిలబడాలి, వచ్చినవాళ్లకి తలుపు తీసి నవ్వాలి. డిప్లొమా తప్పనిసరి. చదువుకోని చెయ్యి తీస్తే ఆ తలుపుకి గౌరవం ఉండదట.

"అమ్మాయ్, పని అనేది ఎతుక్కునేది కాదు, దొరికింది చేసుకునేది," అని ఆయన ప్రసంగించారు. "మనసుకి నచ్చాలంటే ఎట్టా? నాకు సముద్రం నచ్చి దిగానా? ఈ ప్రెసిడెంటు పదవి నచ్చిందా? పదకొండేళ్లుగా మోస్తన్నానా లేదా? యువత త్యాగం చెయ్యాలి." అక్కడితో ఆగి, గొంతు తగ్గించారు. "అన్నట్టు, సాయంత్రానికి అయిపోద్దా ఇంజిను?"

"అయిపోద్ది పెదనాన్నా. ఖాళీగానే ఉన్నాగా," అంది దివ్యశ్రీ.

ఆయన వెళ్లాక, ఒక్క ఆర్నెల్లు ఆగనివ్వమని నన్ను అడిగింది. నేను రెండు వైపులా తూకం వేశాను. ఇంజినుకి బెల్టు ఉంది, బెల్టులో జడ పడుతుంది. ఇంజిను బాగైందో లేదో చూడ్డానికి బోటెక్కాలి, ఏరు సముద్రంలో కలిసే మొగ బోటు దాటాక గాలి లేస్తుంది. గుడివాడకి బస్సు ఉంది, బస్సు డ్రైవరుకి నిద్ర ఉంది. షోరూమ్‌లో ఏసీ ఉంది, ఏసీతో న్యుమోనియా ఉంది. తలుపు అద్దంది, అద్దం పగులుతుంది. ఎంత భయపడి చూసినా గుడివాడలో చావు ఒక పిసరు తక్కువగానే కనిపించింది. వెళ్లమన్నాను. ఇంజిన్లు విప్పే పానాలన్నీ తుడిచి, పాత లుంగీలో మూటగట్టి, మంచం కింద పెట్టి వెళ్లింది.

మూడు వారాలు గడిచాయి. ఊళ్లో ఇంజిన్లకి దేనికి దానికే జబ్బులు మొదలయ్యాయి. నలుగురు మనుషులతో ఒక బోటు మొగ దగ్గర ఆగిపోయి పూటంతా కొట్టుకుపోయింది. ఇంకో బోటు తాడు కట్టి లాక్కొచ్చింది. సంఘం అత్యవసరంగా సమావేశమై, ఊరికి జీతం మీద ఒక మెకానిక్కు కావాలని కనిపెట్టింది. రామాలయం మైకులో ప్రకటన చదివారు. నెల జీతం, షెడ్డు, గౌరవం. డిప్లొమా ఉండాలి, బోటు ఇంజిన్ల మీద రెండేళ్లు పనిచేసి ఉండాలి, చేసినట్టు ఎవరైనా సాక్ష్యం చెప్పాలి.

దివ్యశ్రీ ఇన్నాళ్లూ ఆగింది ఈ పని కోసమే. కబురు తెలిసి సెలవు పెట్టి వచ్చింది. కాగితాలు పట్టుకుని సంఘం ముందు నిలబడింది. డిప్లొమా సరేనన్నారు. రెండేళ్ల పనికి సాక్ష్యం ఎవరని అడిగారు. అక్కడ కూర్చున్న బోట్ల యజమానుల్లో ఆమె చెయ్యి పడని ఇంజిను ఒక్కరికీ లేదు. కానీ పని చేసిందంటే పాత తీర్మానం తప్పవుతుంది. ఇంజిను బాగుపడినట్టు గుర్తుందిగానీ ఎవరు బాగుచేశారో గుర్తు లేదని వాళ్లలో ఒకడైన దుర్గారావు ఎంతో నిజాయితీగా చెప్పాడు. మిగతావాళ్లు ఆ నిజాయితీని బలపరిచారు.

అప్పుడు సోమేశ్వరరావు గారు నా వైపు తిరిగారు.

"గంగాదేవీ, కన్నతల్లివి. నీ మాటకి తిరుగులేదు. ఆ రెండేళ్లూ పిల్ల పని చేసిందా, ఖాళీగా ఉందా?"

దివ్యశ్రీ నా మొహంలోకి చూసింది. నాకు బెల్టు కనిపించింది. జడ కనిపించింది. మొగ అవతల లేస్తున్న గాలి కనిపించింది.

"ఖాళీగానే ఉంది బావగారూ," అన్నాను.

ఆమె కాగితాలు సర్దుకుంది. "మీ ఇంజినుకి ఈసారి నాజిలు మార్పించండి పెదనాన్నా, కడిగితే ఇంక లాభం లేదు," అని ఆయనతో మాత్రం చెప్పి, మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయింది.

బందరు నుంచి వచ్చినతన్ని మెకానిక్కుగా వేసుకున్నారు. అర్థంకాని రోగం వస్తే అతను దివ్యశ్రీకి ఫోన్ చేస్తాడు. ఒక చేత్తో తలుపు పట్టుకుని ఆమె వివరంగా చెబుతుంది. పిల్ల స్థిరపడిందనీ, పైగా తీరిక వేళల్లో నలుగురికీ ఉపయోగపడుతోందనీ ఊరంతా మెచ్చుకుంటోంది. నా పెంపకానికి సంఘం అభినందనలు తెలిపింది. నెల మొదట్లో ఆమె పంపిన డబ్బు పడినట్టు మెసేజ్ వస్తుంది, రెండుసార్లు చదువుకుంటాను. ఆమె దగ్గరనుంచి నాకు వచ్చేది అదొక్కటే.

మీరు గుడివాడ వెళ్తే ఆ షోరూమ్‌కి తప్పకుండా వెళ్లండి. ఏమీ కొనకపోయినా ఫర్వాలేదు. తలుపు మాత్రం మీ చేత్తో మీరు తీసుకోకండి. అది మా అమ్మాయి ఉద్యోగం.