అత్తమ్మ గోడ మీద ఎర్ర గీతలు

ఆదివారం పొద్దున్నే మహిపాల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉప్పల్ పాత ఊరిలో ఉన్న అత్తగారింటికి వెళ్లాలి. గోడకున్న పగుళ్లను ఎర్ర సుద్దతో గుర్తు పెట్టాలి. అత్తగారు కిష్టమ్మ కూరగాయలు కొనుక్కుని తిరిగి వచ్చేలోగా జారుకోవాలి. అడిగి గీయవచ్చు గానీ, ఒకప్పుడు ఇదే మహిపాల్ "ఈ పాత రాతి ఇల్లు పడగొట్టి పిల్లర్లేసి కట్టుకుందాం అత్తమ్మా" అన్నందుకు ఆమె ఆ ఏడాది పండగలకు అల్లుణ్ణి పిలవలేదు.

మహిపాల్ నాచారంలో ఒక నిర్మాణ కంపెనీకి సైట్ ఇంజనీరు. బతుకంతా సిమెంటుతోనే గడిచింది. ఈ మధ్య కంపెనీకి పాత కట్టడాల మరమ్మతు పనులు రావడంతో అతన్ని శిక్షణకు పంపారు. అక్కడ గురువు చిదంబరంగారు మొదటి రోజే హెచ్చరించారు: "సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాదు. గోడ లోలోపలే పాడైపోతుంది." చివరి పరీక్షకు ఒక్కొక్కరు ఒక్కో పాత గోడ చూపించాలి. ఇది నెగ్గితేనే ఆ కొత్త పనులు మహిపాల్ చేతికొస్తాయి. గురువుగారు వచ్చి చూసేది సోమవారం కాబట్టి, ఆదివారం భోజనాల దగ్గర అత్తగారిని మెల్లగా ఒప్పించవచ్చని అతని ధీమా.

గీతలు గీసి, బాణం గుర్తులు పెట్టి, అంకెలు వేసి, నాచారం శిక్షణ షెడ్డుకు చేరేసరికి చిదంబరంగారు సంచీ తగిలించుకుని సిద్ధంగా ఉన్నారు.

"మీ గోడ దగ్గరే కదా మహిపాల్? రేపటిదాకా ఎందుకు, అందరం ఇప్పుడే పోదాం."

మహిపాల్ నోరు తెరిచేలోపు భార్య పూర్ణిమ ఫోన్ చేసింది.

"ఎక్కడున్నరు? మా అమ్మ ఇల్లు కూలగొడ్తరంట! గోడ నిండా ఎర్ర గీతలు గీసి పోయిన్రంట!"

పక్కనే గురువుగారు. ఎదురుగా తోటి ఇంజనీర్లు. మహిపాల్ గొంతు తగ్గించి, "ఏం గాదు. అత్తమ్మకు ఫికర్ జెయ్యొద్దని జెప్పు. నేనే పెద్దసారును తీస్కొని వస్తున్న" అన్నాడు.

రోడ్డు వెడల్పు మాట నలుగుతున్న ఆ గల్లీలో ఎర్ర గీతకు ఒకటే అర్థం. దాన్ని మొదట చూసినవాడు ఎదురింటి చెన్నయ్య. ఇప్పుడు పెద్దసారు కూడా వస్తున్నాడని పూర్ణిమ ద్వారా తెలిసి, ఆయన మున్సిపాలిటీ ఆఫీసరే అనుకునేసరికి అతనికి ఆవేశం వచ్చింది.

"ఓ అక్కా, పగుళ్లు జూసే గదా గీతలు గీసిన్రు! పగుళ్లే లేకుంటే గా సారు ఏం జూస్తడు?"

కిష్టమ్మ కళ్లు తుడుచుకుని తన పిండి గిర్ని బందు పెట్టింది. పక్కింట్లో పైఅంతస్తు కడుతున్నారు కాబట్టి సిమెంటుకు కొదవ లేదు. గల్లీ అంతా కదిలింది. ఒకరు కలిపారు, ఒకరు మోశారు, కిష్టమ్మ కొంగు బిగించి తాపీ పట్టింది.

సున్నం, పనిముట్లు ఎక్కించుకుని, రెండు గంటల తర్వాత అందరితో కలిసి వ్యాను దిగిన మహిపాల్‌కు తన గోడ కనబడలేదు. రాళ్లు, సున్నం, ఎర్ర గీతలు అన్నీ మాయమై, బూడిదరంగు గోడ ఒకటి నున్నగా మెరుస్తోంది. దాని ముందు మోచేతుల దాకా సిమెంటుతో కిష్టమ్మ నిలబడి ఉంది.

"రాండ్రి పెద్దసారూ, సూడుండ్రి! మా ఇంటికి ఒక్క పగులు లేదు. గా గీతలు గీసినోని చెయ్యి ఇరగ!"

మహిపాల్ కుడిచేతిని జేబులో దాచుకున్నాడు.

"మా అల్లుడు మస్తు మంచోడు సారు," అంటూ ఆమె మహిపాల్‌ను చూపించింది. "పొద్దుగాల్నుంచి నా ఇల్లు కాపాడనీకే తిరుగుతున్నడు."

తిట్టును తట్టుకున్న మహిపాల్ ఈ మెప్పును తట్టుకోలేకపోయాడు. జేబులోంచి చెయ్యి తీశాడు. వేళ్లన్నీ ఎర్రగా ఉన్నాయి.

"అత్తమ్మా, గీసింది నేనే. ఈయన ఆఫీసరు గాదు, మా గురువుగారు. నీ గోడ బాగుజేసుడు నేర్చుకుంటున్నం."

చెన్నయ్య చేతిలోని సిమెంటు గమేళా నెమ్మదిగా కింద పెట్టాడు.

"మరి నన్నెందుకు అడగకపోతివి?" అంది కిష్టమ్మ.

"అడిగితే తిడ్తవని..."

"తిడుతుంటి. తిట్టుకుంటనే చాయ్ గూడ పోస్తుంటి. ఇల్లు పోతదని గింతసేపు ఏడిపిస్తివి గదా, అల్లుడా!"

అతను తల దించుకున్నాడు. ఆమె సిమెంటు చేత్తోనే అతని వీపు మీద ఒక్కటి వేసింది. చొక్కా మీద ఐదు వేళ్లూ పడ్డాయి. దాంతో ఆమె కోపం సగం దిగిపోయింది.

ఈలోగా చిదంబరంగారు గోడను గోటితో గీకి చూస్తున్నారు. మహిపాల్ పరీక్ష పోయిందనే అనుకున్నాడు. తీరా ఆయన వెనక్కి తిరిగితే ముఖం వెలిగిపోతోంది.

"ఇంకా పచ్చిగానే ఉంది! పగుళ్ల గోడలు ఎక్కడైనా దొరుకుతాయయ్యా. తప్పుడు మరమ్మతును ఎలా తీసేయాలో నేర్పడానికి ఇలాంటి గోడ నాకు ఇంతవరకూ దొరకలేదు. గట్టిపడకముందే గీకేయాలి, పట్టండి!"

ఇంజనీర్లూ గల్లీవాళ్లూ కలిసి గీకారు. అందరికంటే ఎక్కువ పూసిన చెన్నయ్య చేత కిష్టమ్మ అందరికంటే ఎక్కువ గీకించింది. పొద్దు వాలేసరికి రాళ్లు మళ్లీ బయటపడ్డాయి. మహిపాల్ పగుళ్లలో సున్నం కూరుతుంటే ఆమె వెనకే నిలబడి చాయ్ పట్టుకుంది. గురువుగారు అతను నెగ్గాడని అక్కడికక్కడే చెప్పేశారు. వెళ్తూ వెళ్తూ, వెనక గోడ కూడా బాగుందని, ఇకమీదట ప్రతి ఆదివారం శిక్షణ ఇక్కడే పెడితే ఎలా ఉంటుందని, సాయానికి మహిపాల్ ఎలాగూ ఉంటాడని అన్నారు.

కిష్టమ్మ వెంటనే ఒప్పుకుంది. మహిపాల్‌ను ఎవరూ అడగలేదు.